తలకు తొడుగు, తల్లిదండ్రులకు ధైర్యము

(హోసూరులో జరిగిన మన సంఘ మాస సమావేశమున ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. వైద్యుడను అంతకంటె కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, మా నాయనగారి ప్రక్కన కిరాణా అంగడిలో కూర్చుండి త్రాసు పట్టుట నేర్చినవాడను. ఈ వేదికపై నేను ఇంతవరకు మాటలాడినదెల్ల చందాలను గురించియు, పిల్లల తెలుగు తరగతులను గురించియునే. ఈ నెల కార్యదర్శిగారు మా ఇంటి అనుభవము నొకదానిని చెప్పుమని కోరిరి. ఇంటి సంగతి నలుగురిలో చెప్పుట మన వాడుక కాదు. కాని మన వారిలోనే మరొక ఇంట ఇప్పుడు అదే కష్టము వచ్చినదని విన్న తరువాత, చెప్పకుండుటయే తప్పని తోచినది.

మా రెండవ బిడ్డ 2021 అక్టోబరులో పుట్టినాడు. సుఖప్రసవము, బిడ్డ ఆరోగ్యవంతుడు. రెండవ నెలలో, నీళ్లు పోయునప్పుడు మా అమ్మగారు మొదట కనిపెట్టిరి. తల వెనుక కుడిప్రక్క చదునుగా నుండెను. పైనుండి చూచినచో కుడి చెవి ఎడమ చెవికంటె కొంచెము ముందునకు జరిగినట్లును, నొసలు కుడివైపున కొంత ఉబ్బినట్లును కనబడెను. బిడ్డ ఎప్పుడును కుడివైపునకే తల త్రిప్పి పరుండెడివాడు. ఎడమవైపున గిలక వాయించినను కన్నులు త్రిప్పునే గాని మెడ త్రిప్పడు.

వెంటనే ఇంటిలో విచారణ మొదలైనది. నేరస్థురాలు ఎవరో మీకు చెప్పనక్కరలేదు, తల్లియే. "ఒకే ప్రక్క పడుకోబెట్టినావు" అని ఒకరు. "ఆవాల దిండు వేయలేదు, అందుకే" అని మరొకరు. "గ్రహణం నాడు బయటికి వచ్చినావేమో, గుర్తు తెచ్చుకో" అని పొరుగింటి పెద్దమ్మ. మా ఇంటామె ఎవరికిని బదులు చెప్పలేదు. రాత్రి దీపము ఆర్పిన తరువాత మాత్రము "ఏమండీ, నిజంగా నా వల్లనే అయిందా?" అని అడిగినది. నేను "పిచ్చిదానా, పడుకో" అంటిని. అది ధైర్యము చెప్పుట యని ఆనాడు అనుకొంటిని. ఆమె అడిగినది ఒక ప్రశ్న. నేను చెప్పినది జవాబు కాదు. ఆ జవాబు డాక్టరు వద్ద దొరికినది. దానిని ముందుగా మీకు చెప్పెదను. ఏలయన, తెలియనితనమే సగము దుఃఖము.

పుట్టిన బిడ్డ తలయెముకలు ఒకదానితో నొకటి అతుకుకొని యుండవు. ప్రసవమునకు అనువుగాను, మెదడు పెరుగుటకు వీలుగాను వాని మధ్య సందు లుండును. మనము మాడు అనునది అట్టి సందులలో పెద్దది. అది సామాన్యముగా ఏడాదికిని ఏడాదిన్నరకును మధ్య పూడును. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లుండు తలచుట్టు కొలత ఏడాది నిండునప్పటికి 46 సెంటీమీటర్ల వరకు పెరుగును. ఇంత మెత్తగా నుండి, ఇంత వేగముగా పెరుగు తల ఒకే చోట ఆనుచుండినచో ఆ చోట చదునగును. ఎదుగుదల ఇంకొక ప్రక్కకు పోవును. దీనికి ఇంగ్లీషు వైద్యములో ప్లేజియోసెఫలీ అని పేరు. మా బిడ్డ ఒకే ప్రక్క ఆనుటకు కారణము మెడ. ఎడమవైపు మెడ కండరము పుట్టుకతోనే బిగిసి యుండుటచే వాడు కుడివైపునకే తిరుగగలిగెను. గర్భములో బిడ్డ ఇరుకుగా నొదిగి యుండుటచే నిట్లగుట కలదట. ఇందులో గ్రహణమునకు పాత్ర లేదు. తల్లికి దోషము లేదు.

మరియొక కారణము కూడ కలదు. శిశువులు నిద్రలో అకస్మాత్తుగా మరణించుట తగ్గవలెనని 1992లో అమెరికా శిశువైద్యుల సంఘమువారు పసిబిడ్డలను బోర్ల పరుండబెట్టవద్దని చెప్పిరి. 1994లో వెల్లకిల పరుండబెట్టుడని అచ్చట దేశమంతట ప్రచారము జరిగెను. అట్టి మరణములు సుమారు సగమునకు తగ్గినవి. దానితోపాటు తల వెనుక చదునగు బిడ్డలు ఎక్కువైరి. ఇది విని "అట్లయిన బోర్లనే పరుండబెట్టుదము" అని ఎవరును అనుకొనరాదు. తల చదునైనను బిడ్డ బ్రదికి యుండును. నిద్ర వెల్లకిలనే, మెలకువగా నున్నప్పుడు మాత్రము, పెద్దలు దగ్గర నుండి చూచుచుండగా బోర్ల ఆడించవలెను.

ఆవాల దిండు సంగతి. మా అమ్మగారు నాకును వేసిరి, నా తోబుట్టువులకును వేసిరి. ఆ దిండు ఆమె స్వహస్తముతో కుట్టినది. ఏడాది నిండువరకు బిడ్డ ప్రక్కన ఏ దిండును ఉండరాదని, ముఖము దానిలో పడినచో ఊపిరాడదని డాక్టరు చెప్పగా, ఆమె నొచ్చుకొనిరి. మేము దానిని పారవేయలేదు, పెట్టెలో దాచితిమి. పెద్దల ప్రేమను కాదనకుండ వారి పద్ధతిని మాత్రము మార్చుట ఎట్లో ఇంటిలో నేర్చుకొనవలసిన మొదటి పాఠము.

తలయెముకల సందులు ముందే మూసికొనుటచే వచ్చు వేరొక వ్యాధి కలదు. దానికి శస్త్రచికిత్స కావలసి యుండును. అది యిది కాదని తేల్చుకొనుటకైనను డాక్టరునకు చూపించుట అవసరము. మా బిడ్డకు అది లేదని తెలిసిన రోజున ఇంటిల్లిపాదియు చంద్రచూడేశ్వరస్వామి కొండకు పోయి వచ్చితిమి.

తరువాత మూడు నెలలు మెడకు వ్యాయామములు చేయించితిమి. తలగడ వైపును కాళ్ల వైపును మార్చి పరుండబెట్టి, వాకిలి వెలుగు ఎడమప్రక్క వచ్చునట్లు చూచితిమి. మెడ చాలవరకు సడలెను. తల మాత్రము మేము కోరినంతగా మారలేదు. ఐదవ నెల నిండిన తరువాత బెంగుళూరు డాక్టరు తలకు తొడుగు వేయింపవచ్చునని చెప్పిరి. అదే హెల్మెట్టు. ఆయన సత్యవంతుడు, దాచక చెప్పినారు. ఈ తొడుగుతో చికిత్స చేయు విధమును 1979లో అమెరికాలో క్లారెన్ అను వైద్యుడును, ఆయన తోడి వైద్యులును ప్రకటించిరి. 2014లో హాలండు దేశమున 84 మంది బిడ్డలను రెండు భాగములు చేసి, సగము మందికి తొడుగు వేసి, సగము మందికి వేయక, రెండేండ్ల వయస్సున చూడగా ఇరువైపులను ఫలితము ఇంచుమించు ఒకటిగానే యుండెను. కాని మెడ పట్టిన బిడ్డలను, మిక్కిలి తీవ్రముగా వంకర యున్న బిడ్డలను ఆ పరీక్షలో చేర్చలేదు. మా వానికి రెండును కలవు. కనుక వేయించుట మేలని ఆయన తన అభిప్రాయము చెప్పి, నిర్ణయము మాకు వదలిరి. అందరికిని తొడుగు అక్కరలేదని ఈ సంగతి చెప్పితిని. ఖర్చు కూడ చిన్నది కాదు. వేయింపని తల్లిదండ్రులు బిడ్డను తక్కువగా ప్రేమించినవారు కారు.

2022 మార్చి నడుమ తొడుగు వచ్చినది. పైన గట్టి ప్లాస్టిక్కు, లోపల మెత్తని స్పాంజి. అది తలను నొక్కదు. ఉబ్బిన చోట ఆనుకొని యుండి, చదునైన చోట ఖాళీ వదలును. ఎదుగు తల ఆ ఖాళీలోనికి పెరుగును. గుమ్మడి పాదును పందిరి మీదికి మళ్లించువారు తీగను లాగరు గదా! దారి చూపుదురు, తీగ తనంతట పోవును. రోజునకు 23 గంటలు ఉంచవలెను. స్నానమునకును, శుభ్రము చేయుటకును ఒక గంట సెలవు. కొన్ని నెలలు సాగవలెను. బిడ్డకు నొప్పి లేదు. మా వాడు మూడవనాటికే దానిని మరచినాడు. మరువలేనిది మేము.

మొదటి వారము మా ఇంటిలో ఎవరును సరిగా భోజనము చేయలేదు. బిడ్డను ఎత్తుకొన్నచో గడ్డమునకు ప్లాస్టిక్కు తగులును. పసిబిడ్డ మాడు వాసన ఎట్లుండునో తల్లులెరుగుదురు. ఆ వాసన పోయి చెమట వాసన వచ్చెను. ఏప్రిలు ఎండలలో తొడుగు తీయగానే వెంట్రుకలు తడిసి యుండెడివి. ఎర్రని మచ్చ కనబడినప్పుడెల్ల ఇంటామె గుండె జల్లుమనెడిది. గంటలోపల ఆ ఎరుపు పోయినచో భయము లేదనియు, పోనిచో తొడుగు తీసి ఉంచి తమకు తెలుపవలెననియు చేసినవారు చెప్పి యుండిరి. గడియారము చూచుచు కూర్చుండుట మాకు నిత్యకృత్యమయ్యెను.

బస్సులో బెంగుళూరు పోవునపుడు ఒక యువకుడు నవ్వుచు "ఈయన బండి నడుపుతాడా?" అనెను. చుట్టునున్నవారు నవ్విరి. అతని మనస్సులో చెడు లేదు. కాని ఇంటామె కిటికీవైపు తిరిగినది అత్తిబెలె దాటువరకు ఇటు తిరుగలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. ఆ సంవత్సరము ఏప్రిలు 2వ తేదీన ఉగాది. మన సంఘ ఉత్సవమునకు ఏటేట నేను కుటుంబముతో ముందు వరుసలో కూర్చుండువాడను. ఆ ఏడు ఒంటరిగా వచ్చితిని. అడిగినవారికి "ఇంటిలో ఒంట్లో బాగుండలేదు" అంటిని. మీలో కొందరికి జ్ఞాపకముండును. అది అబద్ధము. నలుగురికి పెద్దగా తిరుగువాడనుగదా, నా బిడ్డను చూచి జాలిపడుదురని నాకు సిగ్గు. పచ్చడి దొన్నెలు ఇంటికి తీసికొని పోయితిని. అప్పుడు ఎనిమిదేండ్ల మా అమ్మాయి అడిగినది: "నాన్నా, తమ్ముడు హెల్మెట్ పెట్టుకున్నందుకు పిలుచుకొని పోలేదా? మరి పోయిన సంవత్సరం నాకు కళ్లద్దాలు వచ్చినప్పుడు నన్ను పిలుచుకొని పోయినావే?" ఇంటామె ఆ ప్రక్కనే ఉండెను. ఆమె నన్ను ఏమియు అనలేదు. బిడ్డ తల చదునైనందుకు ఆమె తన్ను తాను నిందించుకొనుచుండగా, నేను బిడ్డను దాచి ఆ నిందకు సాక్ష్యము పలికితినని అప్పుడు తెలిసినది.

మరునాడు బిడ్డను ఎత్తుకొని పోయి అంగడిలో గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. మొదటి గంట కష్టము. వచ్చిన ప్రతివారును చూచిరి, పలువురు అడిగిరి. పదిమందికి చెప్పిన తరువాత నా జవాబు తనంతట పొట్టిదై ఒక వాక్యముగా నిలిచినది: "తల ఒక ప్రక్క చదునైంది, సరి చేయడానికి వేసినాము, నొప్పి లేదు." మధ్యాహ్నమునకు అడుగువారు తగ్గిరి. సాయంకాలము ఒక కూలి స్త్రీ, తన బిడ్డ తలయు అట్లే యున్నదని, ఎవరిని అడుగవలెనో తెలియక ఊరకున్నానని చెప్పినది. ఆ బిడ్డకు రెండు నెలలు. "దిండు తీసివేయి, ప్రక్క మార్చు, డాక్టరుకు చూపించు" అని చెప్పితిని. నేను బిడ్డను దాచి యుండినచో ఆమె ఎవరిని అడిగెడిది?

ఆ నాలుగు నెలలలో మేము నేర్చినవి కొన్ని చెప్పెదను.

మొదటిది, తల్లి అడుగు ప్రశ్నకు "ఊరకుండు" అనుట జవాబు కాదు. "నీ తప్పు కాదు, కారణమిది" అని భర్త నోటితో, అత్తగారి ఎదుట, ఒకసారి స్పష్టముగా చెప్పవలెను. మా ఇంటిలో నేనది ఆలస్యముగా చెప్పితిని.

రెండవది, పని పంచుకొనవలెను. ప్రతి రాత్రి అంగడి కట్టి వచ్చి తొడుగును కడిగి తుడిచి ఆరబెట్టుట నా పనిగా తీసికొంటిని. అంతవరకు ఉదయము ఇచ్చుచుండిన సెలవు గంటను ఇంటామె రాత్రి తొమ్మిదింటికి మార్చినది. ఆ గంటలో తొడుగు నా చేతిలో, బిడ్డ ఆమె ఒడిలో, తల మా అమ్మగారి ముక్కు క్రింద. రోజంతయు లేనిది ఆ గంటలో దొరకుటచే ఆ గంట పండుగవలె నుండెడిది.

మూడవది, దినదినము కొలువరాదు. నేను తొలుత దారముతో తల కొలిచి కాగితముపై వ్రాయుచుంటిని. ఒకనాడు పెరిగినట్లు, ఒకనాడు తరిగినట్లు తోచి నిద్ర పట్టెడిది కాదు. గంటగంటకు గల్లా లెక్కించుకొనువాడు వ్యాపారము చేయలేడు. కొలుచుట తొడుగు చేసినవారి పని; వారు రెండు వారముల కొకసారి కొలిచెడివారు. దారము పారవేసిన నాటినుండి నాకు నెమ్మది కలిగెను.

నాలుగవది, తొడుగుతోనే శుభకార్యములు జరుపవలెను. అన్నప్రాశనము తొడుగు తీసిన తరువాత చేయుదమని నేనంటిని. మా అమ్మగారే "బిడ్డ ఆకలికి హెల్మెట్ ఏమి అడ్డం?" అనిరి. ఆరవ నెలలోనే జరిపితిమి. ఆ ఛాయాపటము ఇప్పుడు మా ముందు గదిలో నున్నది.

అయిదవది, దుఃఖము ఎంత కాలమునకు తగ్గునో కనిపెట్టి చూడవలెను. ప్రసవించిన తల్లికి రెండు వారములు దాటియు ఏడ్పు ఆగకున్నను, నిద్రాహారములు లేకున్నను, బిడ్డపై మనసు పోకున్నను, అది మొండితనము కాదు, చికిత్స గల జబ్బు. డాక్టరునకు చెప్పవలెను. 2022 అక్టోబరు నుండి ప్రభుత్వము టెలీ మానస్ అను పేర 14416 అను ఫోను నంబరు నడుపుచున్నది. దానిలో తెలుగున మాటలాడువారును గలరు. ఈ సంగతి మన వంటివారికి ముఖ్యము. మనకు అంగడిలో తమిళము, బెంగుళూరు ఆసుపత్రిలో కన్నడమో ఇంగ్లీషో. కాని దుఃఖము తెలుగుననే వచ్చును. మా ఇంటామె డాక్టరు ఎదుట తలయూపి వచ్చి, ఇంటికి చేరిన తరువాత తెలుగున నన్ను పది ప్రశ్నలడిగెడిది. ఆమె ప్రశ్నలను తెలుగుననే కాగితముపై వ్రాసికొని పోయి నేను అడుగ నారంభించిన తరువాతనే ఆమె భయము విడిచినది.

జులై చివర తొడుగు తీసివేసిరి. తల పూర్తిగా గుండ్రనైనదా? కాలేదు. చాలవరకు సరియైనది. వెంట్రుకలు పెరిగిన తరువాత, తెలిసి వెదకువారికి తప్ప తేడా కనబడదు. తొడుగు తీసిన రాత్రి ఇంటామె ఏడ్చినది. ఎందుకని అడుగగా "ఏమో, తల బోసిగా ఉంది" అనినది. కష్టమైనను అలవాటైనది పోవునపుడు మనసు అట్లుండును కాబోలు. ఇప్పుడు వాడు బడికి పోవుచున్నాడు. ఆ తొడుగును మా అమ్మాయి తన పెట్టెలో దాచినది. దానిపై ఆమె వేసిన పువ్వు రంగు ఇంకను చెదరలేదు.

సోదర సోదరీమణులారా, నాది రెండు చిన్న కోరికలు. మన సంఘ మహిళా విభాగమువారు బాలింతల ఇండ్లకు పసుపు కుంకుమలతో పోవు ఆచారము కలదు. ఆ పోవునపుడు బిడ్డ తల, మెడ గూర్చి తెలుగున అచ్చువేసిన ఒక చిన్న కాగితము కూడ ఇచ్చిన బాగుండును. దానిలోని మాటలు శిశువైద్యుల చేత సరిచూపింతము. అచ్చు ఖర్చు నేను భరించెదను. రెండవది, తొడుగైనను, కాలికి పట్టీయైనను, కళ్లద్దములైనను పెట్టుకొన్న బిడ్డ మన ఉత్సవములకు వచ్చినప్పుడు, "అయ్యో పాపం" అనుటకు ముందు ఆ బిడ్డ పేరు అడుగుడు. ఆ పేరు చెప్పుటలో తల్లి ముఖమున వచ్చు వెలుగు మీరు చూతురు.

వచ్చు ఉగాదికి ఆ రెండవ కుటుంబమువారు బిడ్డతో రానున్నారు. ముందు వరుసలో నా ప్రక్క వారికి స్థలముంచెదను.